మిసాయెల్ వేసిన ఐదు చుక్కలు

మిసాయెల్ తిబదుయిసాకు సైకిలు తొక్కడం రాదు. మా కొండసీమ బొయకాలో పుట్టి, యాభై ఏడేళ్ళు బొయకాలోనే బతికి, సైకిలు రాని మనిషిని ఇతన్ని తప్ప నేను మరొకర్ని చూడలేదు. చిన్నప్పుడు పడ్డాడా అంటే పడలేదు. ఇంట్లో సైకిలు లేదా అంటే రెండున్నాయి. "కాళ్ళున్నాయిగా, బస్సుందిగా," అంటాడు. అంతే. మా కొండలవాళ్ళ రక్తంలోనే సైకిలు ఉందని పేపర్లవాళ్ళు ఏటా ఒకసారి రాస్తారు. నేను రక్తపరీక్ష చేయించుకున్నాను. అందులో ఉన్నది కొవ్వు. వెన్న, జున్ను తిని బతికే చోట అంతకంటే ఏముంటుంది? ఇక్కడ సైకిలు తొక్కేవాళ్ళలో చాలామంది వేరే బండి లేక తొక్కుతారు, పందేలు చూసేవాళ్ళు ఆదివారం వేరే పని లేక చూస్తారు. అందులో తప్పేమీ లేదు, దానికి గుడి కట్టక్కర్లేదు.

మిసాయెల్ ఉద్యోగం ఫిరవితోబ శివారులో, పాల కేంద్రంలో. తెల్లవారుతూనే క్యాన్లు దిగుతాయి, జీపుల్లోంచి, మోటారు సైకిళ్ళ మీంచి, ఒకటి రెండు గాడిదల మీంచి. మిసాయెల్ ఉన్ని రువానా అంచు భుజం మీదికి ఎగదోసుకుని, ప్రతి క్యానూ గరిటెతో కలియబెట్టి, గాజు గొట్టంలో కాసిని పాలు పోసి లాక్టోమీటరు వదుల్తాడు. అది ఎంత లోతుకు మునిగితే అన్ని నీళ్ళు. ఇరవై ఆరేళ్ళుగా ఇదే పని. గొంతెత్తి ఎవర్నీ ఒక మాట అని ఎరగడు. "నీ ఆవు వానలో బాగా తడిసినట్టుందే," అని ఆ క్యాను పక్కకు జరుపుతాడు. పాలవాడు మరియమాత మీద ఒట్టు వేస్తాడు. మిసాయెల్ ఆ ఒట్టు పూర్తయ్యేదాకా ఓపిగ్గా విని, తర్వాతి క్యాను మూత తీస్తాడు.

ఇలాంటి మనిషిని వెతికి పట్టుకుని మా ఆటకు అంచనాలు రాయమన్నది రొట్టెల కొట్టు బెలర్మీనో. బెలర్మీనో చేసిన మంచి పనుల్లో అల్మొహాబనా అనే జున్ను రొట్టెల తర్వాత ఇదొక్కటే.

ఆట అంటే ఫోన్లో, కంప్యూటర్లో ఆడేది. ఒక్కొక్కరికి ఒక సైకిలు జట్టు. జట్టులోని మనుషులు లోకంలో లేనివాళ్ళు. పేరు మనమే పెట్టాలి, తర్ఫీదు మనమే ఇవ్వాలి. వాడికి ఎప్పుడు విశ్రాంతి, ఎప్పుడు కష్టం, ఏ వారానికి ఒంట్లో ఊపు నిండుకోవాలి అన్నది మన లెక్క. పందెం నడుస్తుండగా మాత్రం మన చేతిలో ఏమీ ఉండదు. మధ్యాహ్నం సరిగ్గా పన్నెండింటికి ఆట తనంతట తానే ఆ రోజు అంచె నడిపించి ఫలితం చూపిస్తుంది. సొగమోసో లోయలో ఇరవై రెండు మందిమి ఆడతాం. ఒక పశువుల డాక్టరు, సిమెంటు ఫ్యాక్టరీ ఫోర్‌మన్, ఇద్దరు బస్సు డ్రైవర్లు, బెలర్మీనో, తుంహా కాలేజీలో చరిత్ర పాఠం చెప్పే నేను, ఇంకా కొందరు. ఏడాది మొత్తానికి పెద్ద పందెం ఆగస్టులో వచ్చే పన్నెండు అంచెల వుయెల్తా. దానికి రెండు రోజుల ముందు మిసాయెల్ పెన్సిలుతో రాసిన కాగితం బెలర్మీనో కొట్లో అద్దాల బీరువా మీద అతికిస్తారు. ఎవరు గెలవచ్చు, ఎందుకు, ఎవరికి ఎన్ని చుక్కలు. ఐదు చుక్కలంటే గెలుపు గుర్రం. అసలు చుక్క లేకపోతే నేను.

బయటివాళ్ళకు అర్థం కానిదొకటి ఇక్కడుంది. చుక్కలు ఎవరికీ వద్దు. సైకిలు పందెంలో గెలుస్తాడనుకున్నవాడి బతుకు దుర్భరం. గాలికి ఎదురు తొక్కాల్సింది వాడే, పారిపోయినవాళ్ళను తరమాల్సింది వాడే. మిగతావాళ్ళు వాడి వెనకాల చల్లగా కూర్చుని చివర్లో దాటేస్తారు. మా ఆటలోనూ అదే. ప్రతి మేనేజరూ తన నాయకుణ్ణి ఇంకొకడికి "నీడ"గా పెట్టవచ్చు. నీడగా పెడితే వాడెక్కడుంటే మనవాడూ అక్కడే. ఐదు చుక్కలు పడ్డవాడికి ఒకేసారి పదిహేను మంది నీడలు తగులుతారు. కాబట్టి వుయెల్తాకు ముందు పదిహేను రోజులూ మిసాయెల్ దగ్గరికి ఒక్కొక్కరే వచ్చి ఏడుపు మొదలుపెడతారు. మావాడికి మోకాలు నొప్పి, మావాడికి ఊపు రాలేదు, మావాడు ఈ ఏడు వట్టి గుమ్మడికాయ. ఈ వరసకు "పాపసంకీర్తనం" అని పేరు పెట్టారు. చర్చిలో ఫాదరుకు ఈ మాట నచ్చదు, కానీ ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళ కంటే బెలర్మీనో కొట్టు వెనక బల్ల దగ్గరికి వచ్చేవాళ్ళే ఎక్కువ.

నియమాలు రెండే. విన్నది మిసాయెల్ చుక్కలు వేసుకోవడానికి వాడుకోవచ్చు, బయటికి మాత్రం చెప్పకూడదు. అందరి గుట్టూ తెలిసినవాడు గనక అతనికి జట్టు ఉండకూడదు. తొమ్మిదేళ్ళుగా జట్టు లేకుండా, పన్నెండు అంచెల దారులు మ్యాపు మీద వేలితో తొక్కుతూ, అతను ఆ కాగితం రాశాడు. తొమ్మిదింట ఏడుసార్లు గెలిచినవాడు అతని మొదటి ముగ్గురిలోనే ఉన్నాడు.

అతని పద్ధతి పాల కేంద్రం నుంచి వచ్చిందే. ఎవరు ఎంత అబద్ధం చెబుతారో ఏళ్ళ తరబడి గమనించి, చిన్న నోటుబుక్కులో వాళ్ళ పేరు పక్కన నీళ్ళ శాతం వేసుకున్నాడు. డాక్టరు ఇరవై. ఫోర్‌మన్ నలభై. విన్నదాంట్లోంచి అంత తీసేస్తే మిగిలేది చిక్కటి నిజం. నా శాతం ఎంతని ఒకసారి అడిగాను.

"మీకు సున్నా, మాస్టారూ."

"అంత నిజాయితీపరుణ్ణా?"

"అబద్ధం చెప్పడానికి మీ దగ్గర ఏముంది?"

అర్సేలియా సియబాతో పక్కన ముప్ఫై అని ఉంది.

అర్సేలియాకు యాభై దాటాయి. పదకొండు ఆవులు, ఏటవాలు గడ్డి నేల, ఎవరికీ లొంగని నోరు. ఆమె పాలు మిసాయెల్ ఏనాడూ పక్కకు జరపలేదు. ఆమె మాటలు మాత్రం ఏటా వడగట్టాల్సి వచ్చేది. ఒక ఏడు తన నాయకుడికి జ్వరమని చెప్పి రెండో స్థానంలో నిలిపింది. ఇంకో ఏడు వాణ్ణి పందేనికే పంపనని చెప్పి పంపించింది. ఆ నాయకుడి పేరు రొసెందో సియబాతో. ఆమె అన్నయ్య పేరే. చనిపోయిన అన్నకు చెల్లెలు కట్టిన స్మారకమని ఎవరైనా కళ్ళు తుడుచుకుంటారేమో, ఆగండి. అసలు రొసెందో బతికే ఉన్నాడు, దుయితామా సంతలో బంగాళదుంపలు అమ్ముతాడు. కుర్రతనంలో తొమ్మిదేళ్ళు నిజం పందేల్లో పెద్దవాళ్ళకు నీళ్ళ సీసాలు అందించే పని చేశాడు. ఒక్క అంచె గెలవలేదు. ఆ తొమ్మిదేళ్ళూ అతని సంచీ మోసి, బట్టలు ఉతికి, కనుమ మీద కనుమ జీపు వెనక నిలబడి ఎక్కింది అర్సేలియా, మరో ఇద్దరు తోబుట్టువులు. ఆట సంగతి చెబితే అతను, "నన్ను ఇంకా తొక్కిస్తున్నావా? నాకు నడుం నొప్పే," అన్నాడట.

ఈ ఏడు ఆటలోని రొసెందోకు ముప్ఫై అయిదు నిండుతున్నాయి. ముప్ఫై అయిదు నిండినవాణ్ణి సీజను చివర్లో ఆట తీసేస్తుంది. పేరు, గెలుపులు, బొమ్మ, ఏదీ మిగలదు. ఒక్క మినహాయింపు ఉంది. ఆఖరి వుయెల్తాలో మొదటి ముగ్గురిలో నిలిస్తే, ఆట మ్యాపులో ఒక కనుమకు పేరు పెట్టే హక్కు ఆ మేనేజరుకు వస్తుంది. అది ఇక పోదు. ఎవరు ఆడినా ఆ పేరు గల కనుమ ఎక్కాల్సిందే. అర్సేలియాకు అది కావాలి. దాన్ని ఆమె దాచుకోలేదు. "కనుమలన్నిటికీ పునీతుల పేర్లు, లేకపోతే బొగొతా పెద్దమనుషుల పేర్లు. వాటి మీదికి మూటలు మోసింది మేము," అనేది.

సంకీర్తనం ఆఖరి వారంలో మంగళవారం మధ్యాహ్నం ఆమె వచ్చింది. పక్క బల్ల దగ్గర నేను పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాను. లేవబోతే కూర్చోమంది.

"మాస్టారు వింటే ఏం పోయింది, ఆయన జట్టుతో ఎవరికి భయం." తర్వాత మిసాయెల్ వైపు తిరిగి, మావైపు మర్యాదకు అందర్నీ పిలిచే సుమెర్సే అన్న పిలుపుతో మొదలుపెట్టింది. "చూడండి సుమెర్సే, ఈసారి ఉన్నదున్నట్టు చెప్పేస్తున్నా. మొదటి ఆరు అంచెలు మావాడు దేనికీ పనికిరాడు. కావాలనే అలా పెట్టాను. విశ్రాంతి రోజు తర్వాతే వాడికి ఊపు వస్తుంది. నాకు ఒక్క చుక్క చాలు. అసలు లేకపోతే మరీ మంచిది."

మిసాయెల్ పెన్సిలు చెక్కుకుంటున్నాడు. "పోయినేడూ ఇదే చెప్పారు."

"పోయినేడు అబద్ధం చెప్పాను."

"అటుపోయినేడు?"

"అప్పుడూ అబద్ధమే. ఇది నిజం."

"నిజమని ఎలా తెలియాలి?"

"నేను చెప్తున్నాగా."

మిసాయెల్ తలూపాడు, అందరికీ ఊపినట్టే. ఆమె బెల్లం కాఫీ సగంలో వదిలేసి వెళ్ళిపోయింది. నేను ఆ సంభాషణ విన్నాను, మర్నాటికి మర్చిపోయాను. నాకూ అది ముప్ఫై శాతం నీళ్ళగానే తోచింది.

ఆదివారం కాగితం అతికించారు. నాలుగు చుక్కలవాళ్ళు ఇద్దరు, మూడు చుక్కలవాళ్ళు ఐదుగురు. పైన ఒంటరిగా ఐదు చుక్కలతో రొసెందో సియబాతో. "మొదటి అంచె నుంచీ ప్రమాదకారి. అర్సేలియా ఎంత కాదంటే అంత అవును," అని కింద ఒక వాక్యం.

కొట్లో ఈలలు వేశారు. అర్సేలియా కాగితం ముందు నిలబడి రెండుసార్లు చదివింది. బెలర్మీనో వేడి రొట్టెల బుట్ట అందించబోయాడు.

"తీసుకోండి, ఐదు చుక్కల వారికి ఇవాళ ఉచితం."

"నీ రొట్టె నువ్వే తిను," అంది. మిసాయెల్ మూల బల్ల దగ్గరే ఉన్నాడు. అతని వైపు చూడకుండానే అంది: "ఇరవై ఆరేళ్ళు పాలు చూసి చూసి, నీళ్ళు లేని పాలు వస్తే ఈయనకు గుర్తుపట్టడం రాలేదు."

మర్నాటి నుంచి ఆమె క్యాన్లు పొరుగువాడి జీపులో వచ్చాయి. ఆమె రాలేదు.

ఇక తర్వాత జరిగింది మా లోయలో తప్ప మరెక్కడా జరగదు. ఇరవై రెండు మందిలో పద్ధెనిమిది మంది తమ నాయకుణ్ణి రొసెందోకు నీడగా పెట్టారు. ఆటలో ఈ ఏర్పాటు ఒకసారి పెడితే విశ్రాంతి రోజు దాకా, అంటే ఆరు అంచెలు, మార్చడానికి లేదు. నేను పెట్టలేదు. తెలివితో కాదు, గడువు లోపల పెట్టడం మర్చిపోయాను. నాలాగే మరో ఇద్దరు మర్చిపోయారు.

మొదటి అంచెలో రొసెందో వెనకబడ్డాడు. వాడితోపాటే పద్ధెనిమిది మంది నాయకులూ వెనకబడ్డారు. రెండో అంచెలో చిన్న గుట్ట దగ్గర వాడు గుంపు చివరికి జారితే, లోయలోని హేమాహేమీలంతా వాడి చుట్టూ కాపలా కాస్తూ చివరికి జారారు. ముందు నా జట్టు నాయకుడు సిప్రియానో, మర్చిపోయిన ఆ ఇద్దరి మనుషులు హాయిగా వెళ్ళిపోయారు. రోజూ పన్నెండింటికి కొట్లో అందరూ ఫోన్లు చూసుకోవడం, ఒకర్నొకరు చూసుకోవడం.

"వాడు నటిస్తున్నాడు," అన్నాడు ఫోర్‌మన్ మూడో రోజు. "అర్సేలియా పన్నాగం ఇది."

"నటనకి నాలుగు నిమిషాలు పోగొట్టుకుంటారా?" అన్నాడు డాక్టరు.

"ఆమె పోగొట్టుకుంటుంది."

"మరి నువ్వెందుకు పోగొట్టుకుంటున్నావ్?"

"నువ్వూ అక్కడే ఉన్నావుగా. పక్కనే. చూడు, ఇదిగో నువ్వు."

ఆరో అంచె అయ్యేసరికి చుక్కలున్నవాళ్ళందరూ కట్టకట్టుకుని తొమ్మిది నిమిషాలు వెనక. ముందు ముగ్గురు అనామకులు. రెండో స్థానంలో నా సిప్రియానో. జీవితంలో మొదటిసారి బెలర్మీనో నాకు కాఫీ ఊరికే పోశాడు. నేను పెద్ద వ్యూహకర్తలా ముఖం పెట్టి తాగాను.

మిసాయెల్‌ను మాత్రం ఉతికి ఆరేశారు. ఇంతకుముందు అతను తప్పు చెప్పలేదని కాదు. కానీ ఈసారి అతని మాట పట్టుకుని అందరూ బురదలో దిగారు. "పాలు తాగే పిల్లి కూడా ఇంతకంటే బాగా చెప్పేది," అన్నాడు ఫోర్‌మన్, అతను వినేలాగే. మిసాయెల్ విన్నాడు. తన కాఫీ తాగాడు, కప్పు తనే తీసుకెళ్ళి కడిగే తొట్టెలో పెట్టాడు.

విశ్రాంతి రోజు ఆనవాయితీ ప్రకారం రెండో కాగితం రాయాలి, మిగిలిన ఆరు అంచెల అంచనా. ఆ రోజు పాల కేంద్రం పని అయ్యాక మిసాయెల్ బస్సు దిగి, నాలుగు కిలోమీటర్లు ఎగువకు నడిచి అర్సేలియా ఇంటికి వెళ్ళాడు. ఈ సంగతి చాలా రోజుల తర్వాత ఆమె చెప్పింది. అతను ఇప్పటికీ చెప్పలేదు.

ఆమె కొట్టం దగ్గర క్యాన్లు బోర్లిస్తోంది. కూర్చోమనలేదు.

"మీరు నాకు నిజం చెప్పారు," అన్నాడు.

"చెప్పాను."

"నేను తీసివేత వేశాను."

"వేశారు. ముప్ఫయ్యా?"

"ముప్ఫై."

"ఇరవై ఐదు అనుకున్నా." ఆమె ఇంకో క్యాను బోర్లించింది. "ఇప్పుడెందుకు వచ్చారు, సుమెర్సే? కాళ్ళు నొప్పి పుట్టించుకోడానికా?"

"ఇవాళ్టి కాగితంలో రాయాల్సింది నాకు తెలుసు. మీవాడికి ఊపు ఇప్పుడొస్తుంది, అందరికంటే వాడే గట్టివాడు. ఐదు చుక్కలు. కానీ అది మీరు నాతో చెప్పుకున్న మాట. దాని కారణం రాయాలంటే మీరు ఒప్పుకోవాలి. వద్దంటే రెండో కాగితమే రాయను. అబద్ధం మాత్రం రాయలేను."

అర్సేలియా నడుం మీద చేతులు పెట్టుకుని ఆలోచించింది. వద్దంటే ఆమెకు పూర్తి క్షేమం. రొసెందోను అందరూ మర్చిపోయి ఉన్నారు. మిసాయెల్ ఊరుకుంటే చాలు. రాస్తే, ఇరవై ఒక్క మందిలో ఒక్కడు నమ్మినా, వాడు రొసెందో వెనక నీడలా తగులుకుంటాడు. మూడో స్థానం పోతుంది, కనుమ పోతుంది.

"రాస్తే నమ్ముతారా?" అని అడిగింది.

"తెలియదు. నన్ను చూసి నవ్వుతున్నారు. నవ్వేవాళ్ళలో ఒకడికి బుర్ర ఉండొచ్చు."

"ఆ ఒకడు ఎవరనుకుంటున్నారు?"

"మాస్టారు అక్కడే కూర్చుని విన్నారు కదా."

ఇది చెప్పినప్పుడు ఆమె నా వంక చూసింది. నేను టోపీ సవరించుకున్నాను.

చివరికి ఆమె అంది: "రాయండి. నేను నిజం చెప్పానని అందరూ చూసే గోడ మీద ఉండాలి. పోతే పోయింది."

ఆ మాట గొప్పదని నేను అనను. నిజం చెప్పినా ఎవరూ నమ్మలేదన్నది ఆమెకు ఒళ్ళు మండిన విషయం, అంతే. ఒళ్ళు మండితే మనుషులు తమకు లాభమైనదాన్ని తన్నేస్తారు. మిసాయెల్ కూడా సత్యసంధుడేమీ కాదు. లెక్క తప్పితే నిద్రపట్టని రకం. ఇద్దరూ తమ తమ మొండితనం కొద్దీ ఒక కాగితం దగ్గర కలిశారు.

రెండో కాగితంలో ఇలా ఉంది: "రొసెందో సియబాతో, ఐదు చుక్కలు. మొదటి ఆరు అంచెలు వాడు బలహీనంగా ఉంటాడని, తర్వాత బలంగా ఉంటాడని అర్సేలియా సియబాతో నాకు ముందే చెప్పారు. నేను నమ్మలేదు. తప్పు నాది."

కొట్లో వాళ్ళు పొట్టలు పట్టుకున్నారు. "తవ్విన గోతిలోంచి లేవకుండా ఇంకా తవ్వుతున్నాడు," అన్నాడు డాక్టరు. "ఇద్దరికీ ఏదో నడుస్తోంది," అన్నాడు బస్సు డ్రైవర్లలో ఒకడు. "తొమ్మిది నిమిషాలు వెనకున్న ముసలాడికి ఐదు చుక్కలా?" అని ఫోర్‌మన్ తన మనిషిని మొదటివాడికి నీడగా పెట్టాడు. డాక్టరు ఫోర్‌మన్ మనిషికి, డ్రైవర్లు ఒకరికొకరు. రొసెందోకు ఎవరూ పెట్టలేదు.

నేను ఏం చేశానో చెప్పాలి. సాయంత్రం గడువుకు అరగంట ముందు ఫోన్ తీశాను. రొసెందో పేరు మీద వేలు పెట్టాను కూడా. మంగళవారం విన్నది గుర్తుంది. కాగితం మీద ఉన్నదీ అదే. రెండు సాక్ష్యాలు, రెండూ ఒకే మాట. చరిత్ర చెప్పేవాడికి అంతకంటే ఏం కావాలి? కానీ కొట్లో అందరూ అంతసేపు నవ్వాక ఆ మాట నమ్మడానికి నాకు సిగ్గేసింది. సిప్రియానోను మొదటివాడికే నీడగా పెట్టి పడుకున్నాను.

ఏడో అంచెలో రొసెందో రెండు నిమిషాలు తిరిగి సంపాదించాడు. ఎనిమిదిలో ఇంకో నిమిషం. తొమ్మిదో అంచెలో పెద్ద కనుమ. ఆట బొమ్మలో రొసెందో ఆకుపచ్చ చొక్కా చుక్క గుంపులోంచి విడిపోయి ఒంటరిగా పైకి పోయింది. వెనక ఎవరూ లేరు. ఉండమని ఎవరూ చెప్పలేదు మరి. మిగతా పేరున్నవాళ్ళ ఊపు మొదటి వారంలోనే అయిపోయింది, వెనక వరసలో వాడికి కాపలా కాయడంతో.

"మార్చడానికి వీల్లేదా?" అన్నాడు ఫోర్‌మన్ ఫోన్ గీకుతూ.

"ఆఖరిదాకా లేదు," అన్నాడు బెలర్మీనో. "తెలుసుగా నీకు."

"గోడ మీద రాసి ఉంది," అన్నాడు డాక్టరు చిన్నగా. మొత్తం కొట్టు అటు తిరిగి, రెండో కాగితం మొదటిసారి చదువుతున్నట్టు చదివింది.

పదకొండో అంచె అయ్యేసరికి మొదటి ఇద్దరు అందకుండా పోయారు. మూడో స్థానంలో నా సిప్రియానో. నాలుగులో రొసెందో, నలభై ఒక్క సెకన్ల వెనక. ఆఖరి అంచె కొండ మీద ముగుస్తుంది.

ఆ రోజు ఆదివారం. అర్సేలియా పద్నాలుగు రోజుల తర్వాత కొట్లోకి వచ్చింది. మిసాయెల్ ఉన్న బల్ల దగ్గరే కూర్చుంది, ఎదురుగా.  అతను తన పళ్ళెంలోని జున్నుముక్క రెండు చేసి ఒకటి ఆమె వైపు తోశాడు. ఆమె తింది.

"మాస్టారూ," అంది నన్ను చూసి, "మీవాడు బాగా తొక్కుతున్నాడు."

"మీవాడు ఇంకా బాగా తొక్కుతున్నాడు."

"వెటకారమా?"

"నలభై ఒక్క సెకన్లకి వెటకారం ఎక్కడిది."

పన్నెండయింది. చివరి ఎనిమిది కిలోమీటర్ల దాకా సిప్రియానో నిలబడ్డాడు. ఆ తర్వాత నేను నీడగా పెట్టిన మొదటివాడు అలిసి నెమ్మదించాడు. మొదటి స్థానం, దాంతో వచ్చే పసుపు చొక్కా ఎలాగూ పోవు, వాడికి తొందరేముంది? నావాడు కూడా బుద్ధిగా నెమ్మదించాడు, చెప్పింది చేసే రకం. ఆకుపచ్చ చుక్క వచ్చింది, పక్కనుంచి వెళ్ళింది. సెకన్లు తగ్గాయి, ఇరవై, పది, నాలుగు. తర్వాత అటువైపు పెరిగాయి. గీత దాటేసరికి రొసెందో మూడు, సిప్రియానో నాలుగు. తేడా ఆరు సెకన్లు. రొసెందో వెనక నన్ను నేను కట్టేసుకుని ఉంటే ఆ ఆరు సెకన్లు నా జేబులో ఉండేవి.

 బెలర్మీనో చేతులు తుడుచుకుని వచ్చి అర్సేలియా భుజం తట్టాడు.

"ఒక మాట చెప్పనా? ఈయన మొదట ఐదు చుక్కలు వేసి ఉండకపోతే వీళ్ళంతా ముందుకు పోయేవాళ్ళు. అప్పుడు మీకు మూడు వచ్చేదా?"

"వచ్చేది. నా లెక్క నాకుంది."

"అది కాదు, ఆలోచించండి..."

"ఆలోచించాను. వచ్చేది." అని మిసాయెల్ వైపు తిరిగింది. "అంతేగా?"

మిసాయెల్ "కాదు," అన్నాడు. "ఐదో స్థానం వచ్చేది. నిన్న కూర్చుని వేసి చూశాను."

అర్సేలియా అతన్ని చూసింది. కోపం వస్తుందనుకున్నాం. ఆమె పళ్ళెంలోంచి రెండో జున్నుముక్క కూడా తీసుకుంది.

"మీతో ఇదే బాధ," అంది.

అప్పుడు ఆమె ఫోన్ మోగింది, ఆట నుంచి సందేశం. కనుమకు పేరు పెట్టమని ఖాళీ గడి, ఇరవై అక్షరాలు మించకుండా. అందరూ లేచి ఆమె వెనక చేరారు. ఆమె కళ్ళజోడు పెట్టుకుని, చూపుడు వేలితో ఒక్కొక్క అక్షరమే నొక్కింది. "సియబాతో" అని రాసి ఆగింది.

"రొసెందో మర్చిపోయారు," అన్నాడు బెలర్మీనో.

"మర్చిపోలేదు."

"మరి ఏ సియబాతో అని తెలియొద్దా, దోన్యా అర్సేలియా? మీ ఇంట్లో ఎంతమంది ఉన్నారు?"

"నలుగురం," అని ఆమె బొత్తాం నొక్కేసింది. "తొక్కింది ఒకడు. మోసింది మేము ముగ్గురం."

మిసాయెల్ మెడ చాచి ఫోన్లో పేరు చదివాడు. తప్పులేమీ లేవని తలూపి, కేంద్రానికి పాలు తీసుకెళ్ళే బండి వచ్చే వేళయిందని రువానా తగిలించుకుని లేచాడు.